డానా, యుగంధరా?

జగదాంబ కూడలిలో బస్సు కోసం నిలబడి ఉండగా మా మేనల్లుడు అడిగాడు: "మామయ్యా, డాన్, యుగంధర్ సినిమాలు రెండిటిలో ఏది ముందు చూడమంటావు?" ఆలోచించకుండా డాన్ అన్నాను.

1978లో వచ్చిన ఆ హిందీ సినిమాకు ప్రాణం సలీం-జావేద్ కథ. చనిపోయిన డాన్ స్థానంలోకి అతని పోలికలున్న విజయ్‌ని పోలీసు అధికారి డిసిల్వా పంపుతాడు. ఆ రహస్యం తెలిసినవాడు ఆయనొక్కడే. ఆయనే చనిపోతే? పోలీసులు విజయ్‌ని డాన్ అనుకుంటారు, ముఠాకేమో నకిలీ అని తెలిసిపోతుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి! ఎన్నిసార్లు చూసినా అక్కడ నా గుండె జారుతుంది. అమితాబ్ తేడాను ఒంట్లోనే చూపిస్తాడు: డాన్‌గా కదలికలు పొదుపుగా ఉంటాయి, పాన్ నమిలే విజయ్‌గా చేతులు, భుజాలు, పెదవులు అన్నీ మాట్లాడతాయి. నటుడు ప్రాణ్ పిల్లలను మోస్తూ తీగమీద నడిచే ఘట్టం మరో అద్భుతం.

1979 నాటి యుగంధర్ అదే కథకు తెలుగు రూపం. దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్. కథలో కొత్తదనం వెతకనక్కరలేదు. దాన్ని ఎన్టీఆర్ కోసం చూడాలి. 55 దాటిన వయసులో రెండు పాత్రలనూ ఆ హుందాతనంతో నిలబెట్టడం ఆయనకే చెల్లింది. జయసుధ తోడు, ఇళయరాజా సంగీతం అదనపు బలం.

ఉత్కంఠ కావాలంటే డాన్. ఇంట్లో అమ్మతో కలిసి చూడాలంటే మాత్రం యుగంధర్ పెట్టరా అన్నాను. అంతలో మా బస్సు వచ్చింది.