చెరువు పక్క ఫ్లాట్ చూస్తున్నారా? గేటు దగ్గర ఫ్లెక్సీ వెనక ఏముందో చూడండి

హైదరాబాద్‌లో చెరువు పక్క ఫ్లాట్‌కి అడ్వాన్సు ఇవ్వబోతున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. లేక్ వ్యూ, తక్కువ రేటు, లోన్ మేమే ఇప్పిస్తాం... ఈ మాటలు మీరూ వినే ఉంటారు. మేం డబ్బు కట్టాం, అగ్రిమెంట్ అయిపోయింది.

మొన్న సైటుకి వెళ్తే గోడకి కట్టిన 'బుకింగ్స్ ఓపెన్' ఫ్లెక్సీ ఒక మూల ఊడి వేలాడుతోంది. దాని వెనక స్టాంపు వేసిన కాగితం, జిగురు ఎండిపోయి గోడకి అతుక్కుని ఉంది. జీహెచ్ఎంసీ చట్టం సెక్షన్ 636 కింద కూల్చివేత ఆర్డర్! తేదీ చూస్తే మా అగ్రిమెంట్ కంటే ముందుది.

ఆఫీసుకెళ్లి ఫొటో చూపించాం. సేల్స్ మేనేజర్ కొంచెం కూడా తడబడలేదు. "మీరు అడగలేదు కదా సార్" అన్నాడు. మా ఆవిడ ఏడుస్తుంటే, ఆమె ముందే ఇంకొకళ్లకి ఫోన్లో రేటు చెప్తున్నాడు. ఎంత తెగింపు! పైగా డ్రాయర్లోంచి స్టే ఆర్డర్ జిరాక్స్ తీసి, ఇంక భయం లేదన్నాడు. స్టే అంటే కూల్చడం ప్రస్తుతానికి ఆగిందని మాత్రమే. కట్టడం సక్రమమని కోర్టు చెప్పినట్టు కాదు. ఇప్పుడు ఇంకొకడు తయారయ్యాడు, గోడ మీది ఆ కూల్చివేత ఆర్డర్ కాపీ చూపించి "మేనేజ్ చేస్తాం" అంటూ ఫ్లాట్‌కి ఇంత అని వసూలు చేస్తున్నాడు. ఒకడు దాచి అమ్మాడు, ఒకడు చూపించి దండుకుంటున్నాడు.

కూల్చేముందు 15 రోజుల నోటీసు ఇవ్వాలని, దాన్ని కట్టడం బయట అంటించాలని సుప్రీంకోర్టు 2024 నవంబర్ 13న చెప్పింది. అందరికీ కనబడాల్సిన కాగితం మీద ఫ్లెక్సీ కట్టారంటే మోసం కాక ఏమిటి? ఆ తీర్పు ఉందిలే అని ధైర్యం చెప్తే నమ్మకండి. రోడ్డు, ఫుట్‌పాత్, నదులు, చెరువుల దగ్గరి అక్రమ కట్టడాలకి ఆ రక్షణ లేదని అందులోనే ఉంది. రిజిస్ట్రేషన్ అయినా, ఇంటి పన్ను కట్టినా అక్రమ కట్టడం సక్రమం అయిపోదు.

సర్వే నంబరు తీసుకుని హెచ్ఎండీఏ (హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ) చెరువుల మ్యాపులో ఎఫ్‌టీఎల్, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే హద్దు, ఎక్కడిదాకా ఉందో చూడండి. 25 ఎకరాలు దాటిన చెరువుకి అక్కణ్నుంచి 30 మీటర్లు బఫర్, అంటే కట్టడాలు ఉండకూడని జాగా. టౌన్ ప్లానింగ్ ఆఫీసులో నోటీసులేమైనా ఉన్నాయా అని సమాచార హక్కు కింద రాతపూర్వకంగా అడగండి. జవాబు చేతికొచ్చేదాకా టోకెన్ డబ్బు కూడా ఇవ్వొద్దు.