గంటా అయిదు నిమిషాల విమానం, ఎనిమిది గంటల ప్రయాణం

హైదరాబాదు నుంచి రాజమహేంద్రవరానికి ఆకాశమార్గాన సుమారు 360 కిలోమీటర్లు, ప్రయాణం గంటా అయిదు నిమిషాలు. ఈ రెండు అంకెలు చూసి ముగ్గురికి టికెట్లు కొన్నాను, తలకు 4,350 రూపాయలు. నాన్నగారు గౌతమీ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్దామన్నారు. "వంతెన మీద గోదావరికి నాణెం వేయకుండా కోనసీమకు వెళ్లడమేమిటిరా?" అన్నారు. ఆయన మాట వినవలసింది.

కూకట్‌పల్లిలో ఉదయం 7.15కు బయలుదేరితే కోనసీమలో మేము చేరవలసిన అమలాపురంలో కాలు పెట్టేసరికి మధ్యాహ్నం 3.15. విమానం చెప్పిన సమయానికే దిగింది, అందులో వంక పెట్టడానికి ఏమీ లేదు. కానీ దిగేది ఊరికి ఎడంగా మధురపూడిలో. అక్కడి నుంచి అమలాపురం ఇంకా 80 కిలోమీటర్లు. ఆ లెక్క ఎవరూ ముందు చెప్పరు.

టాక్సీకి 2,200 అని మాట్లాడుకున్నాం. జొన్నాడ దగ్గర, సరిగ్గా గోదావరి పాయ గౌతమి మీది వంతెన ఎక్కేముందు, డ్రైవరు బండి పక్కకు ఆపి 3,000 ఇస్తేనే కదులుతుందన్నాడు. తిరుగు ప్రయాణం ఖాళీగా రావాలట. ఆ సంగతి ఎక్కేటప్పుడు తెలియదా? ఎండలో డెబ్బై నాలుగేళ్ల మనిషిని కూర్చోబెట్టి ఇరవై నిమిషాలు బేరం! మా ఆవిడ దిగి బస్సు ఎక్కుదామంది. నాన్నగారి మోకాళ్లు చూసి నేనే లొంగిపోయాను, 2,800 ఇచ్చాను. ఆ గొడవలో వంతెన ఎప్పుడు దాటామో కూడా తెలియలేదు. జేబులో నాణెం పట్టుకుని కూర్చున్న నాన్నగారు అమలాపురం దాకా నోరు విప్పలేదు. 600 రూపాయలు పోయినందుకు కాదు, అందుకు నాకు ఇప్పటికీ కోపం. మధురపూడిలో దిగేవారు ఎంతకు, ఎక్కడి వరకు అన్నది ఫోనులో రాయించుకుని మరీ బండి ఎక్కండి.

మర్నాడు అమలాపురంలో ఒక చిన్న భోజనశాలలో ఆవపెట్టిన పనసపొట్టు కూర తిన్నాక ఇంట్లోవాళ్ల ముఖాలు కాస్త తేటపడ్డాయి. భోజనం 140 రూపాయలు, కూర రెండోసారి అడిగినా విసుక్కోలేదు. అంతర్వేదిలో నరసింహస్వామి దర్శనం హాయిగా జరిగింది.

వెనక్కి రావడానికి మళ్లీ మధురపూడి పేరెత్తితే మా ఆవిడ ఒప్పుకోలేదు. సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే మనుషుల్నీ బండ్లనీ దాటించే పెద్ద పడవ, ఎక్కి గోదావరి పాయ వశిష్ఠను దాటితే అవతల నర్సాపురం, అక్కడి నుంచి లింగంపల్లికి నేరుగా రాత్రి రైలు. రోడ్డు మీదయితే చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరగాలి. పంటుకు ముగ్గురికి 60 రూపాయలు ఇచ్చాం. మోటారుసైకిళ్లు, కొబ్బరికాయల బస్తాలు, బడిపిల్లలు, మేము. సాయంత్రపు గాలికి నాన్నగారు కమ్మీ పట్టుకుని నిలబడే ఉన్నారు, కూర్చోమన్నా కూర్చోలేదు. విమానం ఇవ్వని గోదావరిని ఆ పంటు ఇచ్చింది. అంతర్వేది వైపు వెళ్లేవారు రాకకూ పోకకూ ఇదే దారి పట్టండి, రైలు టికెట్ తలకు వెయ్యి లోపే.

నర్సాపురం రైలు దారిలో ఎక్కడా గోదావరి దాటదు. అది నాన్నగారికి ముందే తెలుసు. పంటు నది నడుమకు రాగానే రెండు నాణేలు వేశారు, ఒకటి జొన్నాడ దగ్గర వేయలేకపోయినది.