ఎగ్మూరులో అమరావతి: తెలుగులో ఒక నడక, ఒక ఉపన్యాసం, ఒక చర్చ

చెన్నైలో వారసత్వ నడకలు నిర్వహించే సంఘాలు ఈమధ్య బాగా పెరిగాయి. వాటిలో ఒకటి కొంతకాలంగా నెలకొక ఆదివారం, ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలోని అమరావతి బౌద్ధ స్తూపపు శిల్పాల మీద పూర్తిగా తెలుగులో ఒక కార్యక్రమం నడుపుతోంది. తలకు 600 రూపాయలు, మ్యూజియం ప్రవేశ టికెట్టు వేరు. ఉదయం శిల్పాల మధ్య నడక, భోజనం తరువాత దగ్గర్లోని అద్దె హాలులో ఉపన్యాసం, టీ అయ్యాక చర్చ. సంఘం పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఇలాంటి సంఘాలన్నింటి పద్ధతీ దాదాపు ఒకటే కనుక నేను చెప్పబోయే మంచిచెడ్డలు ఒక్కరికే అంటగట్టవలసినవి కావు. నడక మాత్రం ఇచ్చిన డబ్బుకు రెట్టింపు విలువ చేస్తుందనీ, ఉపన్యాసం సగం మేరకు ఫరవాలేదనీ, చర్చ దగ్గరకు వచ్చేసరికి నిర్వాహకులకే తాము ఏం చర్చించదలచారో తెలియదనీ నా అభిప్రాయం.

ఈ మ్యూజియం 1851లో ఎడ్వర్డ్ బాల్ఫర్ అనే వైద్యుడి ఆధ్వర్యంలో మొదలై, 1854లో ఇప్పుడున్న పాంథియన్ ఆవరణకు మారింది. కృష్ణ ఒడ్డు రాళ్లు ఇక్కడికి ఎలా చేరాయన్న కథను గైడు మెట్ల దగ్గరే నిలబెట్టి క్లుప్తంగా ముగించారు, అది ఆయన చేసిన మొదటి మంచి పని. చింతపల్లి నుంచి అమరావతికి రాజధాని మార్చిన జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టడాల కోసం స్తూపాన్ని కప్పేసిన దీపాలదిన్నె అనే మట్టిదిబ్బను తవ్వించడం, ఆ వార్త విని 1798లో కాలిన్ మెకంజీ అనే సర్వే అధికారి వచ్చి చూడడం, 1816లో మళ్లీ వచ్చి తన సహాయకుల చేత ఒక్కొక్క ఫలకానికీ బొమ్మలు గీయించడం, 1845లో వాల్టర్ ఇలియట్ అనే అధికారి తవ్వించిన రాళ్లు మద్రాసు చేరి ఆరుబయట ఎండకూ వానకూ పడి ఉండడం, 1859లో వాటిలో 121 ముక్కలు ఓడెక్కి లండన్ పోయి చివరకు బ్రిటిష్ మ్యూజియం చేరడం, ఇదంతా ఆయన తేదీలు వల్లించకుండా, ఊళ్లో జరిగిన ఆస్తి తగాదా చెప్పినట్టు చెప్పారు. మధ్యలో మచిలీపట్నం ప్రస్తావన కూడా వచ్చింది. 1830ల ప్రాంతంలో రాబర్ట్‌సన్ అనే అధికారి కొన్ని ఫలకాలను అక్కడికి తరలించి తాను కట్టించిన బజారులో అలంకారంగా నిలబెట్టించాడు. మా గుంపులో ఉన్న బందరు దంపతులకు రాబర్ట్‌సన్‌పేట తెలుసు గానీ, ఆ పేరు వెనక ఈ సంగతి ఉందని తెలియదట.

నడకలో అసలు విలువ నలగిరి ఏనుగు శిల్పం దగ్గర తెలిసివచ్చింది. స్తూపం చుట్టూ ఉండిన రాతి కంచె మీది గుండ్రటి ఫలకం అది. బుద్ధుడి దాయాది దేవదత్తుడు ఆయన్ని చంపించాలని రాజగృహ వీధిలోకి మదపుటేనుగును తోలించిన కథ. ఎడమవైపు ఏనుగు ద్వారం దాటి దూసుకొస్తూ ఒకడి కాలు తొండంతో పట్టి ఎత్తింది. జనం ఒకరి మీద ఒకరు పడుతూ పారిపోతున్నారు. పై అంతస్తుల్లోంచి మొహాలు తొంగిచూస్తున్నాయి. కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి పాదాల ముందు మోకాళ్ల మీద వంగి ఉంది. ఒకే వలయంలో ఒకే ఏనుగు రెండుసార్లు. ఇంతవరకు ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. గైడు చేసింది వేరు. మమ్మల్ని వరసగా నిలబెట్టి, కుడిచేతి వైపు స్తూపం ఉందనుకుని ప్రదక్షిణంగా నడవమన్నారు. అలా నడిచేవారికి కంచె లోపలి ముఖం ఎడమచేతి వైపు వస్తుంది. అటు తిరిగి చూస్తే నడక దిక్కు కుడివైపు అవుతుంది. అంటే భక్తుడి అడుగు ఎటు పడుతుందో కథ కూడా అటే కదులుతుంది, భయం నుంచి శాంతికి. గోడకు అతికి ఉన్న రాయిని ఎదురుగా నిలబడి ఎంతసేపు చూసినా ఇది తట్టదు. కంచెలో నిలువు స్తంభాలు, వాటి మధ్య అడ్డకమ్ములు, పైన దిమ్మెలు ఎలా కూర్చునేవో చేతులతో చూపించి, బయటి ముఖం మీద ఎక్కువగా పద్మాలు, లోపలి ముఖం మీద కథలు ఎందుకు చెక్కారో మా చేతే చెప్పించారు.

మరో ఫలకం దగ్గర పెరంబూరు నుంచి మనవరాలితో వచ్చిన ఒక పెద్దావిడ ఆయన్ని నిలదీశారు.

“ఏమయ్యా, ఇందాకటి నుంచీ బుద్ధుడి కథ అంటున్నావు, ఇందులో బుద్ధుడేడీ?”

“ఉన్నారమ్మా, ఆ ఆసనం మీద.”

“ఆసనం మీద దిండ్లు తప్ప ఎవరూ లేరే!”

“కింద పాదాలు చూడండమ్మా, వాటిలో చక్రాలు చూడండి. చుట్టూ అందరూ చేతులు జోడించి చూస్తున్నది ఎటు?”

ఆవిడ కళ్లజోడు సర్దుకుని, వంగి, పాదముద్రలు చూసి, “అయితే వీళ్లకు కనిపిస్తున్నాడు, మనకే కనిపించడం లేదన్నమాట” అన్నారు. తొలికాలపు బౌద్ధ శిల్పంలో బుద్ధుణ్ణి ఖాళీ ఆసనంగా, పాదాలుగా, చెట్టుగా, అగ్నిస్తంభంగా చూపే పద్ధతి గురించి నేను విన్న వివరణల్లో ఇంత సూటి అయినది మరొకటి లేదు. అమరావతిలో ఈ పద్ధతీ, మనిషి రూపంలో చూపే పద్ధతీ రెండూ కనిపిస్తాయని గైడు వెంటనే చెప్పి, మళ్లీ నలగిరి ఫలకం వైపు చూపించడం కూడా బాగుంది.

శాసనాల గురించి చెప్పినప్పుడు ఆయన రాజుల పేర్లతో మొదలుపెట్టలేదు. విధికుడు అనే చర్మకారుడు తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, బిడ్డలతో కలిసి పూర్ణఘటం చెక్కిన ఒక ఫలకాన్ని మహాచైత్యానికి, అంటే ఈ స్తూపానికే, దానం చేశాడన్న ప్రాకృత శాసనంతో మొదలుపెట్టారు. గృహస్థులు, భిక్షుణులు, వృత్తిపనివారు తలా ఒక రాయి ఇస్తే లేచిన కట్టడం ఇదని అర్థమయ్యాక, ‘శాతవాహనులు కట్టించిన స్తూపం’ అనే పాఠ్యపుస్తకపు మాట ఎంత పొట్టిదో తెలుస్తుంది. ఆ పూర్ణఘటమే నేడు ఆంధ్రప్రదేశ్ రాజముద్రలో ఉంది. పిల్లలకు ఈ ముక్క చెప్పగానే జేబుల్లోంచి ఫోన్లు బయటికి వచ్చాయి, దాన్ని తప్పు పట్టలేను.

లోపాలు లేకపోలేదు. ఆయన పదే పదే ‘అమరావతి పాలరాయి’ అన్నారు. ఆంగ్లేయులు అలా పిలవడం నిజమే గానీ ఇది పలనాటి సున్నపురాయి. ఆ తేడా చిన్నది కాదు, ఎందుకంటే ఇది సున్నపురాయి కాబట్టే ఎన్నో ఫలకాలు సున్నం కోసం బట్టీల్లో కాలిపోయాయి, ఇది సున్నపురాయి కాబట్టే తేమకూ ఉప్పుకూ ఇంత సులువుగా పొరలు లేస్తుంది. అందరికీ పంచిన కాగితాల్లో మెకంజీ బొమ్మల నకళ్లు ఉన్నాయి, ఆలోచన గొప్పది. 1816లో నిండుగా ఉన్న ఫలకం ఈరోజు ఎదురుగా సగమే ఉండడం పక్కపక్కన పెట్టి చూడవచ్చు. కానీ నకలు ఎంత నల్లగా తీశారంటే, బొమ్మ ఎక్కడో నీడ ఎక్కడో పోల్చుకోవడానికి వసారాలోని వెలుతురులోకి నడిచి వెళ్లవలసి వచ్చింది. ఆ మూలచిత్రాలు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. 600 రూపాయలు తీసుకునేవారు మంచి ముద్రణకు ఇంకో పది రూపాయలు ఖర్చుపెట్టవచ్చు. చివర్లో కంచు విగ్రహాల భవనాన్ని కూడా చూపించామనిపించుకోవడానికి పరుగెత్తించారు. తిరువాలంగాడు నటరాజు ముందు అయిదు నిమిషాలు నిలబెట్టడం కంటే ఆ రోజుకు వదిలేయడమే మర్యాదగా ఉండేది.

ఉపన్యాసం విషయానికి వస్తే, వక్త చదువుకున్నవారే, విషయం తెలిసినవారే. 1942లో సి. శివరామమూర్తి గారు ఈ మ్యూజియం అమరావతి శిల్పాల మీద వెలువరించిన గ్రంథాన్ని ఆధారం చేసుకుని, శిల్పంలోని నగలు, తలపాగాలు, ఇళ్లు, బళ్ల గురించి మాట్లాడినంతసేపు హాలు కదలలేదు. ఆ తరువాత తెరమీది మాటల్నే తిరిగి చదవడం మొదలుపెట్టారు. మెకంజీకి కుడిభుజంగా పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు తెలుగువారు, ఏలూరు ప్రాంతం వారు. వారి ఊసు మొత్తం ఒకే ఒక తెరమీద వచ్చి పోయింది. మద్రాసులో కూర్చున్న తెలుగు సభకు ఇంతకంటే దగ్గరి విషయం ఏముంటుంది? ఆ రోజు ప్రశ్నల సమయంలో ముగ్గురు అడిగింది కూడా వారి గురించే.

ఇక చర్చ. ‘లండన్‌లోని అమరావతి శిల్పాలు తిరిగి రావాలా?’ అన్నది విషయం. వేదిక మీద ఒక న్యాయవాది, ఒక విశ్రాంత అధ్యాపకుడు, ఒక పరిశోధక విద్యార్థిని. న్యాయవాది గారు చెప్పింది పద్ధతిగా ఉంది: 1963 నాటి బ్రిటిష్ మ్యూజియం చట్టం ఆ సంస్థ తన సేకరణలోని వస్తువులను వదులుకోవడాన్ని చాలా కొద్ది సందర్భాల్లో తప్ప ఒప్పుకోదు, సాంస్కృతిక సంపద అక్రమ రవాణాను ఆపడానికి చేసుకున్న 1970 నాటి యునెస్కో ఒప్పందం వెనకటి కాలానికి వర్తించదు, మన 1972 నాటి పురావస్తువుల చట్టం దేశం బయట ఉన్నవాటిని లాక్కురాలేదు. విద్యార్థిని చందవరం ఉదాహరణ ఇచ్చారు. ప్రకాశం ప్రాంతంలోని ఆ బౌద్ధ స్థలం నుంచి దొంగలెత్తుకుపోయిన ఫలకాన్ని ఆస్ట్రేలియా జాతీయ కళా ప్రదర్శనశాల న్యూయార్క్ వ్యాపారి దగ్గర 2005లో కొని, 2016లో భారతదేశానికి తిరిగి ఇచ్చింది. దొంగసొత్తుగా రుజువైన దానికీ, పరిపాలనలో ఉన్నవారు తమ అధికారంతో ఓడకెక్కించిన దానికీ చట్టం దృష్టిలో ఉన్న అంతరం ఈ ఒక్క ఉదాహరణతో తేటపడింది. ఆమెకు ఇచ్చిన సమయం మాత్రం అందరిలోకీ తక్కువ.

అప్పుడు వెనక వరసలోంచి ఒక కుర్రాడు లేచి, “సార్, లండన్ మనకివ్వాలంటున్నాం, సరే. మరి చెన్నై అమరావతికి ఇవ్వాలా?” అని అడిగాడు. హాలంతా నవ్వింది. సభాధ్యక్షులు కూడా నవ్వి, అది రాజకీయమంటూ తరువాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. నా మటుకు ఆ రోజు అడిగిన వాటిలో అడగదగ్గ ప్రశ్న అదొక్కటే. ఈ రాళ్లు వచ్చిననాడు గుంటూరు సీమ మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక రాళ్లు ఉన్నచోటే ఉండిపోయాయి. ఇవ్వాలని నేను అనడం లేదు. పందొమ్మిదో శతాబ్దంలోనే సిమెంటుతో గోడలకు పొదిగిన ఫలకాలను ఊడదీయడమంటే, ఇంత మెత్తటి రాయికి ఏమవుతుందో ఊహించవచ్చు. కానీ ఎందుకు ఇవ్వకూడదో నలుగురిలో చెప్పలేనివారు లండన్ ఎందుకు ఇవ్వాలో చెబితే ఎవరు వింటారు? పైగా ఒకే కంచె అడ్డకమ్ము ఒకచోట, దాని స్తంభం మరొకచోట, స్తూపపు పునాది అమరావతిలో ఉన్నప్పుడు, ఏ ముక్క ఏ ముక్క పక్కన ఉండేదో మెకంజీ బొమ్మల ఆధారంగా అందరూ కలిసి తేల్చే పని ఒకటుంది. దానికి ఏ చట్టం అడ్డురాదు, ఏ రాయీ కదలనక్కర్లేదు. ఉదయం నడకలో గైడు మా చేత చేయించింది చిన్న ఎత్తున ఆ పనే. మధ్యాహ్నం వేదిక మీద ఒక్కరికీ అది గుర్తుకు రాలేదు.

వెళ్లదలచినవారికి కొన్ని మాటలు. మ్యూజియానికి శుక్రవారం సెలవు, కాబట్టి నడకకు ముందో తరువాతో ఒంటరిగా వచ్చి చూడాలనుకునేవారు మరో రోజు ఎంచుకోవాలి. నా సలహా, నడక తరువాతే రెండోసారి వెళ్లండి, అప్పుడే రాళ్లు పలుకుతాయి. ఎక్కువసేపు నిలబడలేనివారు ముందే చెబితే నిర్వాహకులు మడతకుర్చీ తెచ్చిపెడుతున్నారు, పెద్దావిడ దాన్ని వాడుకున్నారు. పదేళ్ల లోపు పిల్లలను ఉదయానికి తీసుకురండి, మధ్యాహ్నానికి వద్దు. నడకకు మాత్రమే 350 రూపాయల టికెట్టు విడిగా ఉంది. దాన్ని వారి ప్రకటనలో ఎక్కడో అడుగున వేస్తారు, వాట్సాప్‌లో గట్టిగా అడిగితే ఇస్తారు. వచ్చే విడత ఉపన్యాసం కావలి సోదరుల మీదే పెడతామని వెళ్లేటప్పుడు మాట ఇచ్చారు. దానికి నేను వెళతాను, చర్చకు మాత్రం అధ్యక్షులు మారితే తప్ప టీ తాగి బయటికి వచ్చేస్తాను.