దుబాయ్ హోటళ్లలో డిపాజిట్ హోల్డ్: మా దసరా సెలవుల ప్రయాణం

దసరా సెలవుల్లో గన్నవరంలో షార్జా విమానం ఎక్కి దుబాయ్ వెళ్లాం. విజయవాడ పటమట నుంచి మేము, గుంటూరు బ్రాడీపేట నుంచి మా అక్కా బావగారూ, పిల్లలు. దుబాయ్‌లో ముందు దేరా ప్రాంతంలో, తర్వాత మెరీనా ప్రాంతంలో దిగాం. రెండు చోట్లా గదులు శుభ్రంగా ఉన్నాయి, మెట్రో దగ్గరే. తేడా అంతా డిపాజిట్ దగ్గరే వచ్చింది. ఇంటిల్లిపాదీ విదేశం వెళ్లినప్పుడు గది అద్దె కంటే ఇదే ఎక్కువ టెన్షన్ పెడుతుంది కాబట్టి దాని గురించే వివరంగా రాస్తున్నాను.

దేరాలో మాది అల్ రిగ్గా మెట్రో స్టేషన్ దగ్గర చిన్న హోటల్. దిగగానే గదికి 200 దిర్హమ్‌లు నగదు డిపాజిట్ అడిగారు. గది నంబరు, మొత్తం రాసి, స్టాంపు కొట్టి రసీదు ఇచ్చారు. ఖాళీ చేసే రోజు ఒక కుర్రాడు పైకి వెళ్లి ఫ్రిజ్, తువ్వాళ్లు చూసి కిందికి ఫోన్ చేశాడు. కౌంటర్లో అమ్మాయి రసీదు తీసుకుని నోట్లు లెక్కపెట్టి చేతిలో పెట్టేసింది. గది ఇరుకే, లిఫ్ట్ కోసం కాసేపు నిలబడాలి. కానీ మసాలా బజారు, గోల్డ్ సూక్ అనే బంగారం బజారు దేరాలోనే, ఒక్క దిర్హమ్‌కి అబ్రా పడవ ఎక్కితే అవతల బర్ దుబాయ్. కుటుంబాలకు నేను ధైర్యంగా చెప్పగలిగిన బస ఇది.

మెరీనాలోది నాలుగు నక్షత్రాల హోటల్. కిటికీలోంచి నీళ్లూ పడవలూ, పొద్దున టిఫిన్‌లో బోలెడు రకాలు. గది డబ్బు బుకింగ్ అప్పుడే కట్టేశాం. అయినా కౌంటర్ దగ్గర గదికి 1,500 దిర్హమ్‌లు కార్డు మీద హోల్డ్ పెట్టాలన్నారు. మన డబ్బుల్లో సుమారు 36 వేలు. మినీబార్, లాండ్రీ, గదిలో ఏదైనా పాడైతే దాని ఖర్చు, వీటికి హామీ అన్నమాట. ఇది కాక టూరిజం దిర్హమ్ అనే రుసుము నాలుగు నక్షత్రాల హోటల్లో గదికి రాత్రికి 15 దిర్హమ్‌ల చొప్పున వేరే కట్టాలి.

హోల్డ్ పెట్టినంత మాత్రాన ఆ డబ్బు హోటల్‌కు చేరదు. ఇంత మొత్తం పక్కన పెట్టమని హోటల్ అడుగుతుంది, మన బ్యాంకు తాళం వేసి ఉంచుతుంది. క్రెడిట్ కార్డయితే లిమిట్ అంత మేర తగ్గుతుంది, బిల్లులో రాదు, వడ్డీ పడదు. డెబిట్ కార్డయితే సేవింగ్స్ ఖాతాలో మన సొంత డబ్బే ఆగిపోతుంది. మా ఇద్దరి సంగతీ అక్కడే వేరైంది. నేను ఇచ్చింది క్రెడిట్ కార్డు, బావగారి దగ్గర ఉన్నది డెబిట్ కార్డు ఒక్కటే.

కార్డు మెషిన్ మొదట రూపాయల్లోనా దిర్హమ్‌లలోనా అని అడిగింది. దిర్హమ్‌లే నొక్కమన్నాను. రూపాయలంటే రేటు ఆ మెషిన్ వాళ్లే వేస్తారు, అది మనకు నష్టం. తర్వాత వచ్చిన స్లిప్ అడిగి తీసుకుని చదివాను. పైన ‘ప్రీ ఆథరైజేషన్’ అని ఉంది, అంటే హోల్డే. కింద అప్రూవల్ కోడ్, అంటే ఆ హోల్డ్‌కు బ్యాంకు ఇచ్చిన నంబరు. ఈ స్లిప్ ఎందుకు చూడాలంటే, కొన్నిచోట్ల డిపాజిట్‌ను హోల్డ్‌గా కాకుండా ‘సేల్’గా, అంటే డబ్బు నిజంగానే తీసేసుకునేలా కొట్టేస్తారు. హోల్డ్ రద్దయితే ఆగిన రూపాయలే తిరిగొస్తాయి. సేల్ చేసి రీఫండ్ ఇస్తే పోయేటప్పుడు ఒక రేటు, వచ్చేటప్పుడు ఇంకో రేటు. చాలా కార్డుల మీద విదేశీ కరెన్సీలో వాడినందుకు బ్యాంకు వేసే 3.5 శాతం మార్కప్, ఆ మార్కప్ మీద 18 శాతం జీఎస్టీ ఉంటాయి, అవి వెనక్కి వస్తాయన్న భరోసా లేదు. బ్యాంకు మెసేజ్ చూసి తేడా కనిపెట్టడం కష్టం, చాలా బ్యాంకులు రెండిటికీ ఒకేలా ‘ఖర్చయింది’ అని పంపిస్తాయి.

బావగారి ఖాతాలో ఆ 36 వేలు ఆగిపోయేసరికి అక్క గోల్డ్ సూక్‌లో చూసి పెట్టుకున్న గాజుల సంగతి వదిలేసింది. అంత దూరం వెళ్లి, సొంత డబ్బు ఖాతాలో ఉండి కూడా వాడుకోలేకపోవడం నాకు చాలా బాధనిపించింది.

ఖాళీ చేసింది శనివారం. రిసెప్షన్‌లో ‘రిలీజ్ చేసేశాం, త్వరలోనే వస్తుంది’ అన్నారు. అక్కడ 2022 జనవరి నుంచి శని, ఆదివారాలు వారాంతపు సెలవు. ఇలాంటి పనులు చూసేది రిసెప్షన్ కాదు, అకౌంట్స్ విభాగం. విజయదశమి తెప్పోత్సవానికి ఇంటికి చేరాం. నా లిమిట్ తొందరగానే మామూలైంది. బావగారిది కదల్లేదు. గుంటూరులో బ్యాంకు బ్రాంచికి వెళ్తే, హోటల్ వదిలితే తప్ప మేం తీయలేం, లేదా గడువు తీరేదాకా ఆగాలి అన్నారు. గడువు బ్యాంకును బట్టి మారుతుంది, నెల దాకా పట్టినా పట్టొచ్చు. చివరికి హోటల్ అకౌంట్స్‌కు మెయిల్ రాసి బ్యాంకు కోసం లెటర్ తెప్పించాం. అందులో తేదీ, కార్డు చివరి నాలుగు అంకెలు, మొత్తం, అప్రూవల్ కోడ్, ఈ హోల్డ్ మాకు అక్కర్లేదు అన్న మాట, అన్నీ ఉండాలి. స్లిప్ దాచుకున్నాం కాబట్టి కోడ్ దొరికింది. బాణసంచా దుకాణాలు పెట్టే వేళకి డబ్బు ఖాతాలో కనపడింది. ఒక మామూలు ఉద్యోగి కుటుంబాన్ని అన్నాళ్లు తిప్పించడం ఆ హోటల్ చేసిన అన్యాయమే. పడవలు కనపడే కిటికీ ఉందని దీన్ని నేను మాఫీ చేయను.

హోటల్ మారేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. మొదటి చోట పెట్టిన హోల్డ్ పోకముందే రెండో చోట ఇంకోటి పడుతుంది. లిమిట్‌లో రెండిటికీ చోటుండాలి. బస పొడిగిస్తే మళ్లీ అడుగుతారు. 2020 అక్టోబరు నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం కొత్తగా ఇచ్చే కార్డులు మన దేశంలో వాడకానికే తెరిచి ఉంటాయి, కాబట్టి విదేశీ వాడకాన్ని యాప్‌లో మనమే ఆన్ చేసుకోవాలి. అక్కడే రోజువారీ పరిమితి హోల్డ్ కంటే ఎక్కువ ఉందో లేదో చూసుకోవాలి. ముందే విదేశీ కరెన్సీ నింపుకునే ఫారెక్స్ కార్డును డిపాజిట్‌కు ఇవ్వొద్దు, అందులోనూ ఆగేది మన సొంత డబ్బే. చివర్లో బిల్లు కట్టడానికి అది బాగుంటుంది.

పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లకు చిక్కు ఇంకో రకం. అబ్బాయి కార్డు నంబరు ఫోన్‌లో చెబితే కౌంటర్లో సాధారణంగా ఒప్పుకోరు. దిగే మనిషి పేరున కార్డు చేతిలో ఉండాలి. అబ్బాయి క్రెడిట్ కార్డు మీద అమ్మానాన్నల పేరుతో యాడ్ ఆన్ కార్డు, అంటే అదే ఖాతా మీద ఇచ్చే అదనపు కార్డు, తీసుకుంటే ఈ ఇబ్బంది తీరుతుంది. బావగారు కూడా ఇప్పుడు మా మేనల్లుడి కార్డు మీద ఒకటి పెట్టించుకున్నారు.

ఇంతకుముందు మలేషియాలో మేం దిగిన చోట రింగిట్లలో నగదు డిపాజిట్ తీసుకుని వెంటనే ఇచ్చేశారు. విదేశీయులు గదికి రాత్రికి 10 రింగిట్లు టూరిజం ట్యాక్స్ కట్టాలి, అంతే.

వచ్చే వేసవికి సింగపూర్ అనుకుంటున్నాం. హోటళ్లకు ముందే మెయిల్ రాస్తున్నాను: డిపాజిట్ ఎంత, రాత్రికా మొత్తం బసకా, నగదు ఒప్పుకుంటారా, హోల్డా సేలా, ఖాళీ చేసిన రోజే రిలీజ్ చేసి కాగితం ఇస్తారా అని. సూటిగా జవాబిచ్చిన హోటల్‌కే బుకింగ్.