ఫార్మాట్ కొట్టించే ముందు డేటా ఎక్కడ పెట్టాలి: హార్డ్ డిస్కా, క్లౌడా, ఇమేజా?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. అప్పటినుంచి నాకు వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకటే. విశాఖలో గాజువాక నుంచి అడిగినా, మధురవాడ నుంచి అడిగినా మాట మారదు: “విండోస్ 11 వేయిస్తున్నామండీ, డేటా దేంట్లో పెట్టుకుంటే మంచిది?” ఎవరికి వారికి విడిగా చెప్పే బదులు ఒకేసారి రాస్తున్నాను. ఫార్మాట్ ఎలా కొట్టాలో ఇందులో ఉండదు. అది మీకు తెలిసే ఉంటుంది, లేదా మీ షాపతనికి తెలుసు.

మామూలుగా ఇలాంటి పోలికల్లో ధర, వేగం, ఎన్ని జీబీలు అన్నవే చూస్తారు. నేను ముందు చూసేది వేరే. పాత విండోస్ పూర్తిగా పోయిందనుకోండి. అప్పుడు పక్కింటి వాళ్ళ ల్యాప్‌టాప్ మీద, నెట్ లేకుండా, కొత్త సాఫ్ట్‌వేర్ ఏదీ ఎక్కించకుండా మీ ఫైలు తెరుచుకుంటుందా? తెరుచుకుంటేనే నేను దాన్ని బ్యాకప్ అంటాను. ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. పాత తిరిగే హార్డ్ డిస్కుల్లో పొరపాటున ఫార్మాట్ అయినా రికవరీ సాఫ్ట్‌వేర్ పెడితే ఎంతోకొంత వెనక్కి వచ్చేది. ఇప్పుడు దాదాపు అన్ని ల్యాప్‌టాపుల్లోనూ తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీలే. చెరిపేసిన చోటును ఖాళీ చేసుకోమని విండోసే ఎస్‌ఎస్‌డీకి చెబుతుంది, దాన్ని ట్రిమ్ అంటారు. అది జరిగాక రికవరీ షాపుల వాళ్ళు చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు.

ముందు డి డ్రైవ్ సంగతి చూద్దాం, ఎందుకంటే మనవాళ్ళలో ఎక్కువమంది ‘బ్యాకప్’ అదే. షాపులో సిస్టమ్ ఇవ్వగానే అడుగుతారు: “సి లో ఏమైనా ఉన్నాయా సార్? డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ చూసుకోండి. డి ముట్టుకోంలెండి.” పదేళ్ళ కిందటైతే ఆ మాట చాలావరకు చెల్లేది. ఇప్పుడు రెండు చిక్కులున్నాయి. మొదటిది, విండోస్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వచ్చే తెరమీద సి, డి అని అక్షరాలు కనిపించవు. డిస్క్ 0 పార్టిషన్ 1, పార్టిషన్ 3 అని వరసగా ఉంటాయి, సైజు చూసి పోల్చుకోవాలి. రెండూ ఇంచుమించు ఒకే సైజులో ఉంటే హడావుడిలో ఏది డిలీట్ అవుతుందో చెప్పలేం. రెండోది ఇంకా పెద్దది. ఈమధ్య వచ్చిన చాలా ల్యాప్‌టాపుల్లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అవగానే డిస్క్ అంతా దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అంటే కీ లేకుండా చదవలేనట్టు తాళం పడుతుంది, డి డ్రైవ్‌తో సహా. సి ఫార్మాట్ అయి కొత్త విండోస్ వచ్చాక డి మీద క్లిక్ చేస్తే తాళం గుర్తు కనబడి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. కానీ ల్యాప్‌టాప్ కొన్నరోజు షాపులో కుర్రాడు తన మెయిల్‌తోనో, అప్పటికప్పుడు సృష్టించిన మెయిల్‌తోనో లాగిన్ చేసి ఇచ్చిన ఇళ్ళు ఎన్నో. ఆ మెయిల్ ఏదో ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. అప్పుడు ఎవరూ ముట్టుకోని డి డ్రైవ్ కూడా పోయినట్టే. మీరు ఏ పద్ధతి ఎంచుకున్నా సరే, ముందు ఆ కీ ఎక్కడుందో చూసి కాగితం మీద రాసుకోండి.

ఇక అసలు పోటీ. నా ఓటు ఎక్స్‌టర్నల్ డిస్క్‌కే అని ముందే చెప్పేస్తాను, తర్వాత నిష్పక్షపాతంగా ఉండటానికి ప్రయత్నిస్తాను.

ఎక్స్‌టర్నల్‌లో హార్డ్ డిస్కా, ఎస్‌ఎస్‌డీయా అన్నది చిన్న ప్రశ్న. యూఎస్‌బీ 3 పోర్టులో పెడితే హార్డ్ డిస్క్ సెకనుకు సుమారు 100 ఎంబీ రాస్తుంది. అంటే 100 జీబీ డేటా లెక్కప్రకారం పావుగంటకు కాస్త ఎక్కువలో అయిపోవాలి. ఫోటోలు, చిన్నచిన్న ఫైళ్ళు వేలల్లో ఉంటే గంట దాకా పట్టొచ్చు. ఎస్‌ఎస్‌డీ దానికి మూడు నాలుగు రెట్లు వేగం, కింద పడినా తట్టుకుంటుంది, ధర కూడా ఆ మేరకే. ఏడాదికోసారి చేసే పనికి అంత పెట్టనక్కర్లేదని నా అభిప్రాయం. ఇంట్లో చిన్నపిల్లలుంటే మాత్రం ఎస్‌ఎస్‌డీ కొనండి. ఆన్‌లైన్‌లో నమ్మలేనంత తక్కువకు దొరికే పెద్ద సైజు డిస్కుల జోలికి వెళ్ళొద్దు. వాటిలో చాలావరకు లోపల ఉండేది చిన్న మెమరీ కార్డు. సైజు పెద్దగా చూపిస్తాయి, కొంత దాటాక రాసినట్టే నటించి పాత ఫైళ్ళ మీదే రాసేస్తాయి.

కాపీ పేస్ట్ చేస్తే చాలా అంటే, ఇక్కడ కాస్త ఆగాలి. పెద్ద ఫోల్డర్ కాపీ చేస్తుంటే మధ్యలో ఏదో ఫైలు దగ్గర విండోస్ ఆగి ‘స్కిప్’ అని అడుగుతుంది. మనం నొక్కేసి టీ తాగడానికి వెళతాం. ఆ వదిలేసినవి ఏవో తర్వాత గుర్తుండదు. అందుకే నేను విండోస్‌లోనే ఉన్న రోబోకాపీ అనే కాపీ కమాండ్ వాడతాను. లాగ్ ఫైలు రాయమని చెబితే చివర్లో ఎన్ని ఫైళ్ళు కాపీ అయ్యాయి, ఎన్ని ఫెయిల్ అయ్యాయి అని పట్టీ ఇస్తుంది. ఫెయిల్ అన్న వరసలో సున్నా కనిపిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. మిగతా సగం తగ్గాలంటే డిస్క్ ఊడదీసి వేరే కంప్యూటర్‌కి పెట్టాలి. ఏదో ఒక ఫోటో, ఒక వీడియో, ఒక ఎక్సెల్, ఒక పీడీఎఫ్ తెరిచి చూడాలి. అదే కంప్యూటర్ మీద తెరిచి చూసుకుంటే లాభం లేదు. అక్కడ ఫాంట్లు, ప్రోగ్రాములు, తాళం తీసే కీలు అన్నీ ముందే ఉంటాయి కాబట్టి ఏదైనా తెరుచుకుంటుంది.

ఈ తేడా అందరికంటే బాగా తెలిసేది డీటీపీ వాళ్ళకే. పెళ్ళి శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు చేసేవాళ్ళ దగ్గర పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో చేసిన పాత ఫైళ్ళు ఏళ్ళ తరబడి పేరుకుని ఉంటాయి. ఆ ఫాంట్లు యూనికోడ్ కాదు, అంటే అన్ని కంప్యూటర్లూ గుర్తుపట్టే ఉమ్మడి అక్షరాల పద్ధతిలో ఉండవు. ఫైళ్ళన్నీ భద్రంగా కాపీ అయినా, కొత్త విండోస్‌లో ఆ ఫాంట్లు లేకపోతే ‘శ్రీరస్తు’ ఉండాల్సిన చోట ఏవో ఇంగ్లిష్ గుర్తులు వస్తాయి. డేటా ఉంది, కానీ చదవలేం. కాబట్టి ఫాంట్ల ఫోల్డర్‌ని, అను సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్‌ని కూడా డిస్క్‌లోకి ఎక్కించాలి. ముఖ్యమైన వాటిని ఒక్కోదాన్ని పీడీఎఫ్‌గా తీసి పెట్టుకోవాలి. పీడీఎఫ్‌లో ఫాంటు లోపలే కూర్చుంటుంది, ఎక్కడైనా తెరుచుకుంటుంది.

షాపులు, చిన్న ఆఫీసులు నడిపేవాళ్ళకు ఇదే బాధ లెక్కలు రాసుకునే టాలీ సాఫ్ట్‌వేర్‌తో. దాని డేటా డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో ఉందనుకుంటారు, చాలాచోట్ల ఉండదు. టాలీ తెరిచి కంపెనీ ఎంచుకునే చోట డేటా పాత్ చూపిస్తుంది, అది రాసుకుని ఆ ఫోల్డర్ మొత్తం తీసుకోండి. టాలీ ఇచ్చే సొంత బ్యాకప్ కూడా తీసుకుంటే ఇంకా మంచిది. పాత ఔట్‌లుక్‌లో మెయిల్స్ దింపుకునేవాళ్ళకు అవి పీఎస్‌టీ ఫైలులో, థండర్‌బర్డ్ వాడేవాళ్ళకు యాప్‌డేటా అనే దాచిన ఫోల్డర్‌లోని ప్రొఫైల్‌లో ఉంటాయి. ఇవేవీ డెస్క్‌టాప్ మీద కనిపించవు కాబట్టి షాపతను అడగడు, మనకూ గుర్తురావు. పట్టీలు గుర్తుపెట్టుకోవడం కష్టమైతే యూజర్స్ లోపల మీ పేరుతో ఉన్న ఫోల్డర్ మొత్తాన్ని, దాచినవాటితో సహా ఎత్తేయండి. చెత్త కూడా వస్తుంది, రానివ్వండి. రోబోకాపీతో చేస్తుంటే జంక్షన్లు (ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కి దారి చూపే లింకులు) వదిలేయమని చెప్పడం మర్చిపోవద్దు. లేకపోతే యాప్‌డేటాలో ఫోల్డర్ లోపల అదే ఫోల్డర్ మళ్ళీమళ్ళీ కాపీ అవుతూ ఆ పని ఒక పట్టాన తెమలదు.

క్లౌడ్ విషయానికొస్తే, దానిమీద నాకు గౌరవం లేక కాదు. గూగుల్ 15 జీబీ, వన్‌డ్రైవ్ 5 జీబీ ఉచితంగా ఇస్తున్నాయి. సర్టిఫికెట్లు, ఆస్తి కాగితాల స్కాన్లు, ఐటీ రిటర్నులు, పిల్లల మార్కుల లిస్టులు, వీటన్నిటికీ అంత చోటు చాలు. మొత్తం డేటాకు అనగానే లెక్క తిరగబడుతుంది. అప్‌లోడ్ 30 ఎంబీపీఎస్ నిలకడగా వచ్చినా 100 జీబీ పైకి వెళ్ళడానికి ఏడు గంటలు దాటుతుంది. మధ్యలో కరెంటు పోతే వైఫై రౌటర్‌కి ఇన్వర్టర్ ఉందో లేదో చూసుకోవాలి. మళ్ళీ దింపుకోవడం ఇంకో పని.

నన్ను అసలు ఇబ్బంది పెట్టేది వేగం కూడా కాదు. వన్‌డ్రైవ్ చేసేది సింక్. ఇక్కడ చెరిపితే అక్కడా చెరుగుతుంది, కొన్నాళ్ళు రీసైకిల్ బిన్‌లో ఉంటుందంతే. పైగా చాలా ల్యాప్‌టాపుల్లో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ మనకు తెలియకుండానే వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపలికి మారిపోయి ఉంటాయి. షాపతను పాత అలవాటు ప్రకారం యూజర్స్‌లోని డెస్క్‌టాప్ ఫోల్డర్ వెతికితే అక్కడ ఏమీ ఉండదు. ఖాళీయే కదా అని ఫార్మాట్ కొట్టేస్తాడు. ఇంకో రకం కూడా ఉంది. ఫైలు పేరు పక్కన మబ్బు గుర్తు ఉంటే అది కంప్యూటర్‌లో లేదు, పైన మాత్రమే ఉంది. నెట్ లేనప్పుడు దాన్ని హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయబోతే ఎర్రర్ వస్తుంది. ముందు ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ‘ఎప్పుడూ ఈ పరికరంలో ఉంచు’ అన్న ఆప్షన్ పెట్టి, అన్నీ దిగాక కాపీ మొదలుపెట్టండి. ఇక పాస్‌వర్డు, ఫోనుకి వచ్చే ఓటీపీ. ఆ మెయిల్‌కి ఇచ్చింది ఎప్పుడో మానేసిన సిమ్ నంబరైతే, కొత్త విండోస్‌లో లాగిన్ దగ్గరే ఆగిపోతారు. కనుక క్లౌడ్‌ని నమ్ముకునేవాళ్ళు ముందు రోజే వేరే ఫోనులోంచి ఆ అకౌంట్‌లోకి వెళ్ళి చూడండి.

విశాఖలో ఉన్నవాళ్ళకు క్లౌడ్, డిస్క్ రెండిటి బలాబలాలూ 2014 అక్టోబర్ 12న ఒకేసారి తెలిశాయి. హుద్‌హుద్ తుపాను వచ్చి కరెంటు, సెల్ టవర్లు రోజుల తరబడి లేనప్పుడు క్లౌడ్‌లో ఏమున్నా చేతికి అందలేదు. అదే తుపానుకు కిటికీలు పగిలి నీళ్ళు వచ్చిన ఇళ్ళలో టేబుల్ మీదున్న కంప్యూటర్, పక్కనే సొరుగులో ఉన్న డిస్క్ రెండూ కలిసి తడిసే ప్రమాదమూ అంతే నిజం. అందుకే పోగొట్టుకోలేని కొద్ది జీబీలు క్లౌడ్‌లో కూడా ఉండాలంటాను. మిగతాది డిస్క్‌లో చాలు. ఆ డిస్క్‌ని బీచ్ వైపు ఇళ్ళలో జిప్ కవర్లో పెట్టడం మేలు, ఉప్పుగాలికి కనెక్టర్లు తుప్పు పడతాయి.

ఇమేజ్ అంటే డిస్క్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు ఒకే ముద్దగా తీసిపెట్టడం. కంప్యూటర్లు బాగా తెలిసినవాళ్ళు దీన్నే మెచ్చుకుంటారు. పనిచేస్తున్న సిస్టమ్‌ని ఎస్‌ఎస్‌డీకి మార్చేటప్పుడు నిజంగానే దీనికి సాటి లేదు. ఇమేజ్ తీసే సాఫ్ట్‌వేర్లలో మాక్రియం రిఫ్లెక్ట్ ఉచిత వెర్షన్ ఆపేశారు, క్లోన్‌జిల్లా ఇప్పటికీ ఉచితమే. కానీ మనం విండోస్ ఎందుకు మళ్ళీ వేయిస్తున్నాం? స్లో అయిందనో, వైరస్ అనో, పదకొండుకి వెళ్ళాలనో. ఇమేజ్‌ని తిరిగి ఎక్కిస్తే ఆ పాత రోగాలన్నీ దాంతోపాటే వస్తాయి. ఎక్కించకుండా అందులోంచి రెండు ఫోటోలు తీసుకుందామంటే క్లోన్‌జిల్లా ఇమేజ్‌తో అది చాలా ప్రయాస. విండోస్ సొంతంగా తీసే సిస్టమ్ ఇమేజ్‌లోని వీహెచ్‌డీఎక్స్ ఫైలైతే డబుల్ క్లిక్ చేస్తే డ్రైవ్‌లా తెరుచుకుంటుంది, ఆ మేరకు నయం. కొత్త విండోస్‌లో ప్రింటర్ పని చేయకపోతేనో, లైసెన్స్ తగువు వస్తేనో పాతదానికి వెనక్కి వెళ్ళాల్సి వస్తుందని భయముంటే ఇమేజ్ తీసుకోండి. ఫైళ్ళ కాపీ ఎలాగూ విడిగా ఉండాల్సిందే.

మిగిలినవి క్లుప్తంగా. పెన్‌డ్రైవ్ పది జీబీల లోపు డాక్యుమెంట్లకు సరే. అది ఫ్యాట్ 32 అనే పాత ఫైల్ సిస్టమ్‌లో ఉంటే 4 జీబీ దాటిన వీడియో ఎక్కదు, ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చుకోవాలి. డీవీడీల కాలం అయిపోయింది. విండోస్‌లోనే ఉన్న రీసెట్‌లో ‘నా ఫైళ్ళు ఉంచు’ అన్నది బ్యాకప్ కిందకు రాదు, ప్రోగ్రాములు ఎలాగూ పోతాయి. విండోస్ డాట్ ఓల్డ్ ఫోల్డర్‌లో పాతవన్నీ ఉంటాయని ఊరుకునేవాళ్ళకు ఒక మాట: పది రోజులయ్యాక విండోసే దాన్ని చెరిపేస్తుంది.

డిస్క్‌లోకి కాపీ అయి, వేరే కంప్యూటర్‌లో తెరిచి చూశాక, దాన్ని ల్యాప్‌టాప్‌తో పాటు షాపుకి పంపకండి, ఇంట్లోనే ఉంచండి. మీరే ఇన్‌స్టాల్ చేసుకుంటుంటే విండోస్ పెన్‌డ్రైవ్ పెట్టే ముందే డిస్క్ ఊడదీసేయండి. లేకపోతే ఆ పార్టిషన్ల వరసలో అది కూడా ‘డిస్క్ 1’ అని కనిపిస్తుంది. కొత్త విండోస్ వచ్చాక ఫైళ్ళను అందులోంచి కట్ చేయకుండా కాపీ మాత్రమే చేయండి. జీఎస్‌టీ రిటర్ను ఒకటి వేసేదాకా, ఒక శుభలేఖ ప్రింటుకి వెళ్ళేదాకా, అంటే కనీసం ఒక నెల రోజులు, ఆ డిస్క్‌లో ఏదీ చెరపకండి.