ముప్పై నాలుగు పౌండ్ల సీసా: లండన్, లూయిస్‌లలో పాత ఇంపీరియల్ స్టౌట్

లండన్ బ్రిడ్జ్ స్టేషన్‌కి దగ్గర్లో ఒక బార్‌లో 2013 నాటి ఇంపీరియల్ స్టౌట్ (బాగా ఘాటైన నల్ల బీరు) సీసాకి మా దగ్గర 34 పౌండ్లు తీసుకున్నారు. సగం కూడా తాగలేకపోయాం. అక్కడికి గంటన్నర దూరంలో లూయిస్ అనే చిన్న ఊళ్లో ఇంచుమించు అంత వయసున్న సీసాకే 14 పౌండ్లిచ్చి, చివరి చుక్క దాకా మాట్లాడకుండా తాగాం. ఈ తేడా ఎందుకొచ్చిందో తెలియకుండా పాత స్టౌట్ కోసం ఇంగ్లండ్ వెళ్లేవాళ్లు మోసపోతూనే ఉంటారు. అందుకే రాస్తున్నాను.

నాతో వచ్చింది మా తోడల్లుడు. అతనికి బీరంటే ఇష్టమే గానీ, "అన్నయ్యా, బీరు తాజాగా తాగాలి గాని పదేళ్లు దాచి తాగేదేంటి?" అని విమానం ఎక్కేముందు నుంచే అంటున్నాడు. మామూలు బీరుకి ఆ మాట అక్షరాలా నిజం. కొన్ని నెలల్లో తాగకపోతే దాని పని అయిపోయినట్టే. ఇంపీరియల్ స్టౌట్ సంగతి వేరు. ఆల్కహాల్ 8 నుంచి 12 శాతం దాకా, కొన్నిట్లో ఇంకా ఎక్కువే ఉంటుంది. నల్లగా వేయించిన మాల్ట్‌లో, అంటే మొలకెత్తించిన బార్లీలో ఉండే పదార్థాలు ఆక్సిజన్ చేసే చెరుపుని కొంత అడ్డుకుంటాయి. బీరులో వేసే హాప్స్ అనే పూల చేదు ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతూ, దాని వెనక దాగిన తీపి, ఎండుపళ్ల రుచి ముందుకొస్తాయి. ఇదంతా చల్లటి చీకట్లో, మెల్లగా జరగాలి.

మొదట లండన్‌లోనే సదర్క్ అనే పేటలోని పార్క్ స్ట్రీట్ చూశాం. ఇంపీరియల్ స్టౌట్ పుట్టిన చోటు ఏదంటే చూపించాల్సింది ఈ వీధినే. ఇక్కడే హెన్రీ థ్రేల్ అనే ఆయన యాంకర్ బ్రూవరీ (బీరు కాచే కర్మాగారం) ఉండేది. ఆయన 1781లో చనిపోయాక దాన్ని 1,35,000 పౌండ్లకు అమ్మేశారు. అమ్మకం చూసుకున్నవాళ్లలో నిఘంటుకారుడు శామ్యూల్ జాన్సన్ ఒకడు. కొన్న బార్‌క్లే, పెర్కిన్స్‌ల పేరుతో ఆ బ్రూవరీ ప్రపంచంలోని అతి పెద్ద బ్రూవరీల్లో ఒకటయింది. రష్యా మహారాణి కోసం థ్రేల్ బ్రూవరీలో ప్రత్యేకంగా పోర్టర్ (స్టౌట్‌కి మూలమైన నల్ల బీరు) కాచేవారని జోసెఫ్ ఫారింగ్టన్ అనే చిత్రకారుడు 1796లో తన డైరీలో రాసుకున్నాడు. 1955లో ఈ కంపెనీ కరేజ్ అనే మరో బీరు కంపెనీలో కలిసిపోయింది. కరేజ్ వాళ్లు సీసా మీద కాచిన సంవత్సరం ముద్రించి ఇంపీరియల్ రష్యన్ స్టౌట్ అమ్మేవారు. 1993తో అదీ ఆగింది, 2011లో మరో బ్రూవరీ మళ్లీ మొదలుపెట్టింది. ఇప్పుడు పార్క్ స్ట్రీట్‌లో బ్రూవరీ లేదు, గోడకున్న ఫలకం ఒక్కటే. చూడ్డానికి పది నిమిషాలు చాలు, పైసా ఖర్చు లేదు. ఈ వీధికి బరో మార్కెట్ ఆనుకునే ఉంటుంది కాబట్టి ఆకలితో వెళ్లండి.

ఇక ఆ బార్. కౌంటర్ వెనక గోడంతా చెక్క అరలు, వాటినిండా సీసాలు, ఒక్కో అరకి పైనుంచి పసుప్పచ్చ బల్బులు. ఫొటోలో బాగుంటుంది. మెనూలో పాత సీసాలకి విడిగా ఒక పేజీ ఉంది. 2019ది 18 పౌండ్లు, 2016ది 25, 2013ది 34. ఏడాది వెనక్కి వెళ్లేకొద్దీ రేటు పైకి వెళ్తుంది. ఆ సీసా ఇన్నేళ్లూ ఎక్కడుంది, ఎంత చల్లగా ఉంది అన్న మాట ఒక్కటీ లేదు. 2013 అడిగాం. బార్ మనిషి లోపల సెల్లార్ (నేలమాళిగ) నుంచి తెస్తాడనుకున్నాను. అతను వెనక్కి తిరిగి, బల్బు కింద ఉన్న అరలోంచి తీశాడు. అప్పటికే నాకు గుండె జారింది. ముట్టుకుంటే సీసా వెచ్చగా ఉంది. దాన్ని ఐదు నిమిషాలు ఐసులో ముంచి, ఫ్రీజర్‌లో పెట్టిన గాజు గ్లాసులో పోసి ఇచ్చాడు.

మూత తీసినప్పుడు చప్పుడే లేదు. నురగ లేదు. వాసన చూస్తే తడిసిన అట్టపెట్టె, దాని వెనకే సోయా సాస్. నోట్లో పల్చగా, చివర్లో పుల్లటి లోహపు రుచి. పాతబడిన స్టౌట్‌లో కొంచెం షెర్రీ అనే వైన్ వాసన వస్తే మంచిదే, ఆక్సిజన్ సరైన పాళ్లలో పనిచేసిందని అర్థం. తడి అట్ట వాసన మాత్రం పండటం కాదు, పాడవటం. సోయా సాస్ వాసన అడుగున చచ్చిన ఈస్ట్ విచ్చిపోయినప్పుడు వస్తుంది, వేడిలో అది తొందరగా జరుగుతుంది. ఇదే మాట బార్ మనిషితో మర్యాదగా చెప్పాను. "పాత స్టౌట్ ఇలాగే ఉంటుంది, మీకు అలవాటు లేనట్టుంది," అన్నాడు. డబ్బు వెనక్కిచ్చేది లేదన్నాడు. అలవాటు లేదన్న ఆ మాట నన్ను 34 పౌండ్ల కంటే ఎక్కువ బాధపెట్టింది. పక్క టేబుల్ దగ్గర ఒక కుర్రాళ్ల జట్టు అదే పేజీ తెరిచి 2016ది ఎంచుకుంటోంది. మొదటిసారి తాగేవాళ్లు ఆ రుచి చూసి, పాత స్టౌట్ అంటే ఇదే కాబోలనుకుని జన్మలో మళ్లీ దాని జోలికి పోరు. నా కోపమంతా దాని గురించే.

బిల్లులో స్టౌట్ 34, బంగాళాదుంప చిప్స్ 6, దాని మీద 12.5 శాతం సర్వీస్ చార్జ్ 5, మొత్తం 45 పౌండ్లు వేశారు. లండన్‌లో ఈ సర్వీస్ చార్జ్ చాలాచోట్ల ఐచ్ఛికమే, బిల్లు మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. తీసేయమని అడిగితే తీసేయాలి. అడిగాను, మొహం ముడుచుకుని తీసేశారు. మా తోడల్లుడు హోటల్ దాకా ఒక్క మాట మాట్లాడలేదు. గదిలోకి వచ్చాక, "ఆ డబ్బుతో బ్రైటన్ వెళ్లి సముద్రం చూసొచ్చేవాళ్లం," అన్నాడు. హోటల్ 118 పౌండ్లు, ఇరుకు, శుభ్రం.

మర్నాడు విక్టోరియా స్టేషన్ నుంచి లూయిస్‌కి రైలెక్కాం. గంట పైచిలుకు ప్రయాణం. రద్దీ లేని వేళల టికెట్ తీసుకోండి, బాగా తగ్గుతుంది. లూయిస్ ఏటవాలు వీధుల ఊరు, పైన కోట, కింద ఔస్ నది. నది ఒడ్డునే హార్వీస్ బ్రూవరీ. 1790 నుంచి ఉన్న కంపెనీ, విక్టోరియా కాలపు గోపురంతో కట్టిన ఇల్లు. కాస్తున్న రోజైతే ఊరంతా మాల్ట్ వాసన. లోపలికి టూర్ కావాలంటే చాలా ముందుగా రాయించుకోవాలి, మాకు దొరకలేదు. క్లిఫ్ హై స్ట్రీట్‌లో వాళ్ల దుకాణం మాత్రం ఎప్పుడైనా వెళ్లొచ్చు.

మేం వెళ్లింది వాళ్ల ఇంపీరియల్ ఎక్స్‌ట్రా డబుల్ స్టౌట్ కోసం. 9 శాతం ఆల్కహాల్. దీని వెనక ఒక చరిత్ర ఉంది. లె కాక్ అనే వ్యాపారి కుటుంబం 19వ శతాబ్దంలో లండన్ నుంచి బాల్టిక్ సముద్రపు రేవులకి ఈ స్టౌట్ ఎగుమతి చేసేది. వాళ్ల సీసాలు మోసుకెళ్తూ 1869లో ఒలివా అనే ఓడ బాల్టిక్‌లో మునిగిపోయింది. 1974లో నార్వే ఈతగాళ్లు ఆ సీసాల్ని పైకి తీశారు. ఆ కంపెనీ 1912లో ఎస్తోనియాలోని టార్టులో సొంత బ్రూవరీ తీసుకుంది. హార్వీస్ 1999లో ఆ పేరుతో, ఆ పద్ధతిలో మళ్లీ కాచింది. మొదటి విడత సీసాల్లో పోశాక కొన్ని నెలలకి కార్కులు పైకి తన్నుకొచ్చాయి. డెబారియోమైసిస్ అనే మొండి ఈస్ట్ లోపల మళ్లీ పులియబెట్టడం వల్ల అలా జరిగింది. అప్పటినుంచి సీసాలో పోయకముందే నెలల తరబడి ట్యాంకులో ఉంచి, ఆ రెండో పులియడం అక్కడే ముగియనిస్తారు.

దుకాణంలో తాజా సీసాలు కొన్నాక, దగ్గర్లో ఒక చిన్న పబ్‌కి వెళ్లాం. పైన గదులు కూడా ఇస్తారు, రాత్రికి 92 పౌండ్లు, నేల కిర్రుమంటుంది, పొద్దున టిఫిన్ లేదు, మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాను. పాత స్టౌట్ ఏమైనా ఉందా అని అడిగితే యజమాని ఎదురు ప్రశ్న వేశాడు: "తాజాది తాగారా ముందు?" లేదన్నాం. అయితే రెండూ పక్కపక్కన తాగాలి అన్నాడు. పాతది కావాలంటే మీరే వచ్చి తీసుకోండంటూ సెల్లార్‌లోకి దింపాడు.

ఆ సెల్లార్ ఇంకా కళ్ల ముందుంది. సున్నం కొట్టిన రాతి గోడ, మెట్ల పక్కన మేకుకి వేలాడుతున్న థర్మామీటర్‌లో 11 డిగ్రీలు. వేసవిలో 13 దాటదట. ప్లాస్టిక్ క్రేట్లలో సీసాలన్నీ నిలబెట్టి ఉన్నాయి, ఒక్కటీ పడుకోబెట్టలేదు. క్రేట్ మీద సుద్దముక్కతో కొన్న నెల, సంవత్సరం రాసి ఉంది. ఎందుకు నిలబెట్టారని మా తోడల్లుడే అడిగాడు. నిలబెడితే ద్రవానికి గాలి తగిలే పైభాగం చిన్నదిగా ఉంటుంది, మడ్డి అడుక్కి దిగుతుంది అని యజమాని చెప్పాడు. దీపం ఆర్పేసి మరీ పైకొచ్చాం. హాప్స్‌లోని చేదు పదార్థాలు వెలుగు తగిలితే విరిగి కంపు వాసనవుతాయి. గోధుమరంగు గాజు చాలావరకు ఆపుతుంది గానీ ఏళ్ల తరబడి బల్బు కింద పెడితే అదీ ఆపలేదు.

గ్లాసులు మామూలు గదిలోవే, చల్లబెట్టినవి కావు. తాజాది మొదట తాగాం. గట్టి చేదు, మాడిన కాఫీ గింజల ఘాటు, చివర్లో కొంచెం పులుపు. మా తోడల్లుడి కనుబొమ్మలు ముడిపడ్డాయి. తర్వాత పాతది. మూత అంచున తుప్పు పట్టి ఉంది, అయినా తీయగానే చుయ్యిమంది. పోస్తుంటే ముదురు గోధుమరంగు నురగ వేలెడు మందాన లేచి, మెల్లగా పల్చటి ఉంగరంగా మిగిలింది. చేదు దాదాపు పోయింది. ఎండు ద్రాక్ష, ఖర్జూరం, కొత్త తోలు చెప్పుల వాసన, ఆ వెనక ఎక్కడో షెర్రీ. పానకం ముదురు పాకానికొచ్చినట్టు నాలుక మీద నిలిచింది. పదిహేను నిమిషాల తర్వాత కాస్త వెచ్చబడితే ఇంకా విచ్చుకుంది. పార్క్ స్ట్రీట్‌లో కొని తెచ్చుకున్న స్టిల్టన్ చీజ్ ముక్క సంచిలో ఉంటే, యజమానిని అడిగి విప్పాం. ఆ నీలి చారల ఉప్పదనం మీద ఈ స్టౌట్ పడితే ఎలా ఉంటుందో తిని తెలుసుకోవాల్సిందే. మా తోడల్లుడు ఇంకో సీసా అడిగాడు. యజమాని ఇవ్వలేదు. ఈ విడతవి తక్కువే మిగిలాయి, మీ వెనక వచ్చేవాళ్లకి ఉండాలి అన్నాడు. 14 పౌండ్లు ఒక సీసాకి, 5 పౌండ్లు తాజాదానికి.

కాబట్టి నా మాట వినండి. ఎవరైనా పాత సీసా చూపిస్తే ముందు అది ఎక్కడుందో చూపించమనండి. చూపించలేకపోతే ఎంత పాతదైనా కొనకండి. అరల మీద వెలుగులో ఉన్నది ఉచితంగా ఇచ్చినా ఆలోచించండి. కాఫీ, వెనీలా, మిరపకాయ కలిపిన స్టౌట్లను పాతబెట్టడం దండగ, ఆ వాసనలే ముందు పోతాయి. 8 శాతం కంటే తక్కువున్నవి ఏళ్లకేళ్లు దాచకండి. సెల్లార్ లేనివాళ్లు 12 డిగ్రీల దగ్గర పెట్టిన వైన్ ఫ్రిజ్ వాడొచ్చు, వేడి చలి మారకుండా ఉండటమే ముఖ్యం. ఒకే విడతవి మూడో నాలుగో కొని ఏడాదికొకటి తెరిస్తే మీ నాలుకే మీకు చెబుతుంది.

తెచ్చుకోవాలనుకుంటే, భారత్‌లోకి సుంకం లేకుండా ఒక్కొక్కరికి మద్యం 2 లీటర్లే అనుమతి. 330 మిల్లీలీటర్ల సీసాలైతే ఆరు. చేతిసంచిలో పెట్టకండి, చెకిన్ పెట్టె మధ్యలో బట్టల మధ్య పెట్టండి, ఒక్కో సీసాని విడిగా ప్లాస్టిక్ సంచిలో చుట్టండి. ఇంటికి చేరాక వెంటనే తెరవొద్దు. చల్లటి చీకట్లో కనీసం వారం కదపకుండా నిలబెడితే కలిసిపోయిన మడ్డి అడుక్కి దిగుతుంది. పోసేటప్పుడు చివరి వేలెడు సీసాలోనే వదిలేయండి.