పిట్టగోడ ఎత్తు చూసుకోండి: నల్లగొండ నుంచి జూరాల దాకా సైకిల్ తొవ్వ

నల్లగొండలో బయలుదేరి సాగర్, దేవరకొండ, డిండి, మన్ననూరు, కొల్లాపూర్, సోమశిల చూసుకుంటూ జూరాల దగ్గర ముగించే తొవ్వకు అయిదారు రోజులు పెట్టుకోవాలి. కాలువలు, వాగులు, ఆపైన కృష్ణ. వంతెన దాటని పూట ఉండదు. గది ఎక్కడ దొరుకుతుంది, చేపల పులుసు ఎక్కడ తినాలి అనేవి ఎవరినడిగినా చెప్తారు. వంతెనల రెయిలింగ్ ఎట్లుంటుందో మాత్రం ఎవరూ చెప్పరు.

నడిచే మనిషి తూలితే రెయిలింగ్ నడుముకు అడ్డం పడి ఆపుతుంది. సైకిల్ సీటు మీదున్న మనిషి నడుమే దాదాపు మీటరు ఎత్తులో ఉంటుంది. ముందు చక్రం అంచురాయికి తగిలి ఆగినా ఒళ్లు ఆగదు, పై నుంచి అవతలికి దొర్లుతుంది. అందుకే మన దేశంలో రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) వంతెన రెయిలింగ్‌కు కనీసం 1.1 మీటర్లు చెప్తూ, సైకిల్ దారి దాని పక్కనే ఉంటే ఇంకో 15 సెంటీమీటర్లు కలపమంది. ఈ కలపమన్న మాట సైకిల్ దారుల మీద అది రాసిన 1962 నాటి ఐఆర్‌సీ:11 పుస్తకంలోనే ఉంది. అంటే 1.25 మీటర్లు. బ్రిటన్‌లో సైకిళ్లు తిరిగే వంతెనకు 1.4 మీటర్లు ఉండాలంటారు. అమెరికాలో రోడ్ల ప్రమాణాలు పెట్టే ఆష్టో సంస్థ ఒకప్పుడు 54 అంగుళాలు పెట్టి, తర్వాత 42కు, అంటే 1.07 మీటర్లకు దిగింది. పక్క నుంచి ఇసుక లారీ పోతే వచ్చే గాలి తోపు ఎరిగినవాళ్లెవరూ మన రోడ్ల మీద 1.25 కంటే తక్కువకు ఒప్పుకోరు. అయితే ఈ తొవ్వలో సైకిల్‌కు విడి దారి ఉన్న వంతెనల మీద ఆశ పెట్టుకోవద్దు. బాగున్నచోట కూడా 1.1 దొరికితే చాలు.

ఆ 1.1 కూడా కాగితం మీదే మిగిలిపోవడానికి కారణం తారు. రోడ్డు కొత్తగా వేసినప్పుడల్లా పాత పొర గీకి తీయకుండా పైనే 40 మిల్లీమీటర్లు పరుస్తారు. మూడుసార్లు వేస్తే 12 సెంటీమీటర్లు పోయినట్టే, మీటరు కూడా మిగలదు. బ్యాగులో చిన్న టేపు వేసుకోండి. చక్రం నడిచే తారు మీద ఒక కొస ఆనించి, పై పైపు నెత్తి దాకా కొలవాలి. వంతెన బయటివైపు నుంచి చూస్తే ఎత్తుగానే కనిపిస్తుంది, దానికి మోసపోవద్దు. రెయిలింగ్ కింది పైపుకూ అంచురాయి నెత్తికీ మధ్య సందు 15 సెంటీమీటర్లు దాటకూడదు, అంటే సుమారు రెండు బెత్తెలు. పిల్లలు వెంట ఉంటే దీన్నే ముందు చూడాలి. అడ్డ పైపుల రెయిలింగ్ పిల్లలకు నిచ్చెన, నిలువు కడ్డీలదే నయం. కానీ నిలువు కడ్డీల సందులో హ్యాండిల్ కొస ఇరుక్కుంటే సైకిల్ అక్కడికక్కడే గిరుక్కున తిరుగుతుంది. అందుకే మంచి డిజైన్‌లో హ్యాండిల్ ఎత్తులో, మీటరు అటూ ఇటూగా, లోపలివైపు నున్నటి అడ్డపట్టీ ఒకటి ఉంటుంది. లేనిచోట రెయిలింగ్‌కు చెయ్యి చాపినంత దూరం పాటించండి.

సాగర్ ఎడమ కాలువ మీద, దాని పిల్ల కాలువల మీద పాత రకం వంతెనలు చాలా ఉంటాయి. సిమెంటు స్తంభాల్లోంచి అడ్డంగా దూర్చిన సిమెంటు కమ్మీలు. నీరు నిలిచే స్తంభం మొదట్లో లోపలి ఊస తుప్పుపట్టి ఉబ్బుతుంది, పైన సిమెంటు పెచ్చులూడుతుంది. పట్టుకుని ఊపితే కదిలేదాని మీద సైకిల్ ఆనించి ఫోటోలు దిగొద్దు. అంతకంటే పెద్ద ప్రమాదం కొసల్లో. రెయిలింగ్ ముగిసి, కట్ట మొదలయ్యే రెక్క గోడ దగ్గర బారెడు ఖాళీ ఉంటుంది, గడ్డి పెరిగి కనిపించదు. నీళ్లు వదిలిన కాలువలో పడితే సిమెంటు లైనింగ్ పాచిపట్టి, ఈత వచ్చినవాళ్లకూ గట్టు దొరకదు. చీకట్లో కాలువ కట్ట తొవ్వ వద్దే వద్దు.

సాగర్‌లో డ్యామ్ మీదికి మామూలు జనాన్ని పంపరు, రాకపోకలన్నీ దిగువ వంతెన మీద. గేట్లెత్తిన రోజుల్లో జనమంతా ఒకే పక్క రెయిలింగ్ మీదికి ఒరుగుతారు. మీటరు పొడవుకు దాదాపు 150 కిలోల తోపు తట్టుకునేలా కట్టమన్న లెక్క ఇలాంటి రోజుల కోసమే. ఆ రోజుల్లో దిగి నడిపించుకుంటూ పోవడమే మేలు. బసకు హిల్ కాలనీ వైపు టూరిజం వాళ్ల విజయ్ విహార్ బాగుంటుంది, జలాశయం కనిపిస్తుంది. సెలవు రోజుల్లో ముందే బుక్ చేసుకోవాలి. ఖర్చు తగ్గాలంటే మామూలు లాడ్జీలున్నాయి, సైకిల్ లోపల పెట్టనిస్తారా అని బేరానికి ముందే అడగండి.

దేవరకొండ, డిండి మధ్య చప్టాలు, అంటే వరదొస్తే నీళ్లు పైనుంచే పారే పొట్టి వంతెనలు, రావచ్చు. వాటికి రెయిలింగ్ ఉండదు, ఉండకూడదు కూడా. వరదలో కొట్టుకొచ్చే కంప రెయిలింగ్‌కు పట్టుకుని నీళ్లకు అడ్డుకట్టవుతుంది, చప్టానే లేపేస్తుంది. అంచున గైడు రాళ్లు మాత్రమే ఉంటాయి. నీళ్లు పారుతుంటే ఎంత లోతున్నా ఆగిపోవాలి.

మన్ననూరు దాటాక అడవి. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేటు మూసేస్తారు కాబట్టి పొద్దుగాలే కదలాలి. అటవీ శాఖ కాటేజీలు మన్ననూరులోనే ఉన్నాయి. ఈగలపెంట నుంచి కృష్ణ వంతెన దాకా ఘాట్ దిగాలనుకుంటే బ్రేకు ప్యాడ్లు కొత్తవి వేయించుకోండి. నేరుగా ఉన్నచోట రెయిలింగ్‌కు సైకిల్ ఏటవాలుగా రాసుకుంటుంది, దిగుడు చివరి మలుపులో ఎదురుగా గుద్దుతుంది. పడితే పైనుంచి దొర్లేది ఇక్కడే.

సోమశిలలో హరిత కాటేజీలు, పక్కనే కృష్ణ. ఈ తొవ్వ మొత్తంలో ఒక్క రాత్రే దొరికితే ఇక్కడే గడపాలి. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ అడిగి తీసుకోండి. పంక్చర్ షాపులు అన్ని మండల కేంద్రాల్లో ఉన్నాయి కానీ సన్నటి ప్రెస్టా వాల్వుకు వాళ్ల పంపు పట్టదు. అడాప్టర్ వేలి గోరంతే ఉంటుంది, రెండు పెట్టుకోండి. జూరాలలో రోడ్డు ప్రాజెక్టు మీది నుంచే పోతుంది. మధ్యాహ్నం గాలి అడ్డంగా కొడుతుంది, పక్క సంచులు గాలికి తెరచాపలవుతాయి. ఉదయమే దాటి, గద్వాల వెళ్లేముందు అక్కడి చేపల బండ్ల దగ్గర ఆగండి. తిరుగు ప్రయాణానికి గద్వాల స్టేషన్‌లో సైకిల్‌ను పార్సిల్‌లో వేయొచ్చు, పెడళ్లు విప్పి గాలి కొంచెం తీసి ఇవ్వండి.